చివరి నుంచి మొదటికి: పొడుపు లెక్కలను వెనక్కి నడిపి విప్పడం ఎలా?

"ఒక సంఖ్య అనుకున్నాను. దానికి 5 కలిపాను. వచ్చినదాన్ని 3తో గుణించాను. అందులోంచి 6 తీసేశాను. మిగిలినదాన్ని 7తో భాగిస్తే 6 వచ్చింది. నేను అనుకున్న సంఖ్య ఎంత?"

ఇలాంటి లెక్క వినగానే చాలామంది ఏదో ఒక సంఖ్య వేసి చూడటం మొదలుపెడతారు. 10 వేసి చూస్తారు, కుదరదు. 12 వేసి చూస్తారు, కుదరదు. బడిలో బీజగణితం బాగా చదివినవాళ్ళు x అనుకుని సమీకరణం రాస్తారు. రెండూ తప్పు కాదు. కానీ ఈ లెక్కలో మనకు ఖాయంగా తెలిసిన సంఖ్య చివరిది. తెలిసిన చోటి నుంచి బయల్దేరితే ఊహించే పనే లేదు. అయిదో తరగతి పిల్లలు కూడా సమీకరణం లేకుండా చేయగలరు.

ఈ పద్ధతి మన దగ్గర చాలా పాతది. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదం 28వ శ్లోకంలో దీన్ని ఒక్క ముక్కలో చెప్పేశాడు: వెనక్కి వెళ్ళేటప్పుడు గుణకారం భాగహారమవుతుంది, భాగహారం గుణకారమవుతుంది, కలిపినది తీసివేతవుతుంది, తీసినది కూడికవుతుంది. 1150లో లీలావతి అనే గణిత గ్రంథం రాసిన భాస్కరాచార్యుడు వర్గం, వర్గమూలాలతో పాటు భిన్నాల సంగతి కూడా తేల్చాడు. ఆ భిన్నాల దగ్గరే అసలు చిక్కంతా ఉంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మొదటి పని: కథను గొలుసుగా రాయడం

లెక్కలోని మాటలన్నీ పక్కనపెట్టి, జరిగిన పనులను జరిగిన వరసలోనే రాయండి. పై లెక్క ఇలా వస్తుంది:

? → 5 కలుపు → 3తో గుణించు → 6 తీయి → 7తో భాగించు → 6

ఇది నోటితో చేయగలిగేంత చిన్న లెక్క అనిపించినా కాగితం మీద రాయండి. నేను పిల్లలకు నేర్పేటప్పుడు దీని మీద చాలా పట్టుబడతాను. ఈ విలోమ (వెనక్కి నడిచే) పద్ధతిలో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం లెక్క వేయడంలో రావు, వరస తారుమారు కావడంలో వస్తాయి.

రెండో పని: కింది నుంచి ఒక్కొక్కటి విప్పడం

ఇప్పుడు చివరి 6 దగ్గర నిలబడి, "దీనికి ముందు ఎంత ఉండాలి?" అని అడగండి. 7తో భాగిస్తే 6 వచ్చింది కాబట్టి ముందు 42. 6 తీస్తే 42 మిగిలింది కాబట్టి ముందు 48. 3తో గుణిస్తే 48 అయింది కాబట్టి ముందు 16. 5 కలిపితే 16 అయింది కాబట్టి ముందు 11. అనుకున్న సంఖ్య 11.

కొందరు గుర్తులు మారుస్తారు గానీ వరస మార్చరు. ముందు 5 తీసేసి, తర్వాత 3తో భాగించి, అలా పై నుంచే వస్తారు. అప్పుడు 6లోంచి 5 పోయి 1, దాన్ని 3తో భాగిస్తే మూడో వంతు, ఇక అక్కడి నుంచి లెక్క ఎటో వెళ్ళిపోతుంది. గుర్తుతో పాటు వరస కూడా తిరగబడాలి. ఆఖరున చేసిన పనిని అందరికంటే ముందు విప్పాలి.

మూడో పని: ముందుకు నడిపి సరిచూడటం

11కు 5 కలిపితే 16, మూడింతలు 48, 6 తీస్తే 42, 7తో భాగిస్తే 6. సరిపోయింది. దీనికి పది సెకన్లు కూడా పట్టదు. జవాబు సరైనదో కాదో ఎవరినీ అడగకుండా మనమే తేల్చుకోగలగడం ఈ లెక్కల్లో నాకు బాగా నచ్చే విషయం.

భాస్కరాచార్యుడి లెక్క

ఇప్పుడు లీలావతిలో ఈ పద్ధతికి ఇచ్చిన ఉదాహరణ చూద్దాం. ఒక సంఖ్యను 3తో గుణించారు. వచ్చినదానికి దానిలోనే ముప్పాతిక కలిపారు. 7తో భాగించారు. అందులోంచి దాని మూడో వంతు తీసేశారు. మిగిలినదాన్ని దానితోనే గుణించారు. 52 తీసేశారు. వర్గమూలం కట్టారు. 8 కలిపారు. 10తో భాగించారు. 2 వచ్చింది.

కింది నుంచి వెళ్దాం. 2ను 10తో గుణిస్తే 20. 8 తీస్తే 12. వర్గమూలం విప్పాలంటే వర్గం కట్టాలి, 144. 52 కలిపితే 196. వర్గం విప్పాలంటే వర్గమూలం, 14. ఇంతవరకూ నేరుగా వచ్చేశాం.

ఇక్కడ ఆగండి. "దాని మూడో వంతు తీసేశారు, 14 మిగిలింది." విప్పాలంటే 14కు దాని మూడో వంతు కలిపితే సరిపోతుందా? సరిపోదు. తీసేసింది పాత సంఖ్యలో మూడో వంతు, 14లో మూడో వంతు కాదు. పాత సంఖ్యను మూడు భాగాలు అనుకోండి. ఒకటి పోయింది, రెండు మిగిలాయి. ఆ రెండు భాగాలే 14. అంటే ఒక భాగం 7. పోయినది కూడా 7, అంటే 14లో సగం. కాబట్టి మూడో వంతు తీసేయడాన్ని విప్పాలంటే ఉన్నదానికి సగం కలపాలి. 14 + 7 = 21.

7తో గుణిస్తే 147. ఇప్పుడు "ముప్పాతిక కలిపారు" అన్నది విప్పాలి. పాతది నాలుగు భాగాలు, కలిపింది మూడు భాగాలు, ఇప్పుడున్నవి ఏడు భాగాలు. ఏడు భాగాలు 147 అయితే ఒక భాగం 21, నాలుగు భాగాలు 84. చివరిగా 3తో భాగిస్తే 28. అదే జవాబు.

ఈ భాగాల ఆలోచననే భాస్కరుడు సూత్రంగా ఇచ్చాడు. తన భిన్నాన్ని తనకే కలిపి ఉంటే, వెనక్కి వచ్చేటప్పుడు లవాన్ని అలాగే ఉంచి, హారానికి లవాన్ని కలిపి, ఆ భిన్నాన్ని తీసేయాలి. 3/4 కలిపితే 3/7 తీయాలి. తీసేసి ఉంటే, హారంలోంచి లవాన్ని తగ్గించి, ఆ భిన్నాన్ని కలపాలి. 1/3 తీస్తే 1/2 కలపాలి. సూత్రం గుర్తుండకపోయినా పర్వాలేదు. "పాతది ఎన్ని భాగాలు, ఇప్పుడు ఎన్ని భాగాలు" అని వేసుకుంటే ప్రతిసారీ దానంతటదే వస్తుంది.

బజారులో ఇది రోజూ పనికొస్తుంది. 18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు 1180 రూపాయలు అయిందనుకోండి. పన్ను లేని ధర ఎంత? 1180లో 18 శాతం తీసేస్తే 967 రూపాయల 60 పైసలు వస్తుంది, అది తప్పు. అసలు ధర 100 భాగాలు, పన్ను 18 భాగాలు, బిల్లు 118 భాగాలు. 1180ని 118తో భాగించి 100తో గుణిస్తే సరిగ్గా 1000. అలాగే ఒక వస్తువు ధర 20 శాతం పెరిగి, తర్వాత 10 శాతం తగ్గి, ఇప్పుడు 540 ఉందంటే, 540 అనేది 90 భాగాలు, కాబట్టి అంతకు ముందు 600. ఆ 600 మళ్ళీ 120 భాగాలు, కాబట్టి మొదట 500. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు శాతాల లెక్కలకు టెన్షన్ పడుతుంటారు గానీ, వాటిలో సగానికి సగం ఇదే లెక్క.

"మిగిలినదానిలో" అన్నారా, "మొత్తంలో" అన్నారా?

లీలావతిలోనే ఒక యాత్రికుడి లెక్క ఉంది. తన దగ్గరున్న నిష్కాల్లో (ఆనాటి నాణేలు) సగం ప్రయాగలో దానం చేశాడు. మిగిలినదానిలో తొమ్మిదింట రెండు వంతులు కాశీలో ఖర్చయింది. మిగిలినదానిలో పాతిక భాగం దారి సుంకానికి పోయింది. మిగిలినదానిలో పదింట ఆరు వంతులు గయలో ఇచ్చాడు. 63 నిష్కాలతో ఇంటికి తిరిగొచ్చాడు. మొదట ఎన్ని ఉన్నాయి?

పదిలో ఆరు పోతే నాలుగు భాగాలు మిగిలాయి, అవే 63. ఒక భాగం 15¾, పది భాగాలు 157½. మధ్యలో అర నిష్కం వచ్చిందని కంగారు పడనక్కర్లేదు, డబ్బు కాబట్టి అర ఉండొచ్చు. నాలుగు భాగాల్లో ఒకటి సుంకానికి పోయి మూడు మిగిలితే 157½, కాబట్టి అంతకు ముందు 210. తొమ్మిదిలో రెండు పోయి ఏడు మిగిలితే 210, కాబట్టి ముందు 270. సగం పోయి 270 మిగిలింది కాబట్టి మొదట 540.

ఇప్పుడు అదే పుస్తకంలోని తుమ్మెదల లెక్క చూడండి. ఒక గుంపులో అయిదో వంతు కడిమి పూల మీదికి, మూడో వంతు శిలీంధ్రం పూల మీదికి వెళ్ళాయి. ఈ రెండింటి తేడాకు మూడింతలు కొడిసె పూల మీద వాలాయి. ఒక్కటి మాత్రం గాలిలో తిరుగుతోంది. చూడటానికి ఇది యాత్రికుడి లెక్కలాగే ఉంటుంది గానీ దీన్ని వెనక్కి నడపలేం. ఇక్కడ వంతులన్నీ మొదటి మొత్తంలోంచే తీసుకున్నారు, ఒకదాని తర్వాత ఒకటి మిగిలినదానిలోంచి కాదు. గొలుసు లేదు, అన్నీ ఒకేసారి జరిగాయి. దీనికి భిన్నాలు కలపాలి: పదిహేనింట 3, 5, 6 కలిపితే 14. మిగిలిన పదిహేనో వంతు ఒక్క తుమ్మెద. కాబట్టి గుంపులో 15.

లెక్క చేతిలోకి రాగానే మొదట చూడాల్సింది ఈ తేడానే. "మిగిలినదానిలో" అని ఉంటే వెనక్కి నడవండి. "మొత్తంలో" అని ఉంటే భిన్నాలు కలపండి.

అరపండు లెక్క

తోటలో మామిడిపళ్ళు కోసుకుని బయటికి వస్తున్నాడు ఒకాయన. తోటకు మూడు వాకిళ్ళు. ప్రతి వాకిట్లో కాపలావాడికి తన దగ్గరున్న పళ్ళలో సగం, దాని పైన ఇంకో అరపండు ఇచ్చాడు. ఒక్క పండునూ ముక్క చేయలేదు. బయటికి వచ్చేసరికి ఒకటే మిగిలింది. మొదట ఎన్ని ఉన్నాయి?

అరపండు అనేసరికి అంతా తికమక పడతారు. వెనక్కి నడిస్తే తికమకేం లేదు: అర కలుపు, రెట్టింపు చేయి. 1కి అర కలిపి రెట్టింపు చేస్తే 3. 3కు అర కలిపి రెట్టిస్తే 7. 7కు అర కలిపి రెట్టిస్తే 15. 15లో సగం ఏడున్నర, ఇంకో అర కలిపితే సరిగ్గా 8 పళ్ళు. ఉన్నవి బేసి సంఖ్యలో ఉండటం వల్లే పండును ముక్క చేయాల్సిన పని రాలేదు.

ఒకరికంటే ఎక్కువమంది ఉంటే పట్టిక వేయండి

ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు తన డబ్బులోంచి మిగతా ఇద్దరికీ, వాళ్ళ దగ్గర ఎంత ఉందో అంత ఇచ్చాడు. తర్వాత నడిపివాడు అలాగే మిగతా ఇద్దరి డబ్బునూ రెట్టింపు చేశాడు. చివరికి చిన్నవాడూ అదే చేశాడు. ఇప్పుడు ముగ్గురి దగ్గరా తలో 24 రూపాయలు ఉన్నాయి. మొదట ఎవరి దగ్గర ఎంత?

సమీకరణాలతో దీన్ని చేయడం నిజంగా శ్రమ. పట్టికలో నాలుగు వరసలు చాలు. ఇచ్చి పుచ్చుకున్నది వాళ్ళలో వాళ్ళే కాబట్టి మొత్తం 72 ఎప్పటికీ మారదు. దీన్ని ఆధారంగా పట్టుకోండి.

చివర: పెద్ద 24, నడిపి 24, చిన్న 24.
చిన్నవాడు ఇవ్వకముందు: పెద్ద 12, నడిపి 12, మిగిలిన 48 చిన్న.
నడిపివాడు ఇవ్వకముందు: పెద్ద 6, చిన్న 24, మిగిలిన 42 నడిపి.
పెద్దవాడు ఇవ్వకముందు: నడిపి 21, చిన్న 12, మిగిలిన 39 పెద్ద.

ప్రతి వరసలో తీసుకున్నవాళ్ళ డబ్బును సగం చేసి, మిగిలినది ఇచ్చినవాడి పేర రాస్తే సరిపోయింది. ఇలాంటి లెక్కల్లో మారనిదేమిటో ముందు వెతకండి. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

చివరి సంఖ్య కూడా చెప్పకపోతే?

పూల లెక్క చాలా ఇళ్ళలో తెలిసిందే. ఒకాయన కొన్ని పూలు తీసుకుని మూడు గుళ్ళకు వెళ్ళాడు. ప్రతి గుడి ముందూ ఒక కోనేరు. అందులో ముంచితే పూలు రెట్టింపవుతాయి. మూడు గుళ్ళలోనూ సమానంగా పూలు పెట్టాడు. ఆఖరి గుడిలో పెట్టాక ఒక్క పువ్వూ మిగల్లేదు. ఎన్ని పూలతో బయల్దేరాడు, గుడికి ఎన్ని పెట్టాడు?

చివర మిగిలింది సున్నా. ఒక్కో గుడిలో పెట్టినది ఎంతో తెలియదు కాబట్టి దానికి "దోసెడు" అని పేరు పెడదాం. మూడో గుడిలో పెట్టకముందు 1 దోసెడు, కోనేట్లో ముంచకముందు అర దోసెడు. రెండో గుడిలో పెట్టకముందు ఒకటిన్నర, ముంచకముందు ముప్పాతిక. మొదటి గుడిలో పెట్టకముందు ఒకటి ముప్పాతిక, ముంచకముందు అందులో సగం, అంటే ఎనిమిదింట ఏడు వంతుల దోసెడు. పూలు ముక్కలు కాకూడదు కాబట్టి దోసెడంటే కనీసం 8 పూలు, తెచ్చినవి 7. కథలో చెప్పకపోయినా 14 పూలతో బయల్దేరి గుడికి 16 పెట్టినా లెక్క కుదురుతుంది. అందుకే ఈ పొడుపు వేసేటప్పుడు "తక్కువలో తక్కువ ఎన్ని" అని అడగడం న్యాయం.

ఛందస్సులో ఇదే ఆట

పద్యాలు చదివేవాళ్ళకు ఈ విషయం చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మూడక్షరాల గణాలను ప్రస్తారంలో (గురులఘువుల కలయికలన్నీ రాసే పట్టికలో) వరసగా రాస్తే మ, య, ర, స, త, జ, భ, న అని వస్తాయి. ఆరో వరసలో ఏ గణం ఉందో పట్టిక వేయకుండా చెప్పడం నష్టం. గణాన్ని చూసి అది ఎన్నో వరసో చెప్పడం ఉద్దిష్టం. ఒకటి రెండోదానికి సరిగ్గా విలోమం.

నష్టానికి: సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయండి. బేసి అయితే గురువు రాసి, 1 కలిపి సగం చేయండి. 6 సరి, లఘువు, సగం 3. 3 బేసి, గురువు, 1 కలిపి సగం 2. 2 సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణం.

ఉద్దిష్టానికి చివరి అక్షరం నుంచి 1తో మొదలుపెట్టి వెనక్కి రండి. లఘువైతే రెట్టింపు, గురువైతే రెట్టింపు చేసి 1 తీయండి. జగణం చివర లఘువు, 2. నడుమ గురువు, రెట్టిస్తే 4, ఒకటి తీస్తే 3. మొదట లఘువు, 6. బయల్దేరిన చోటికే వచ్చాం. "1 కలిపి సగం" అన్నది "రెట్టించి 1 తీయి" అయింది: గుర్తూ మారింది, వరసా మారింది.

తెలుగులో గణితం, పద్యం ఎప్పటి నుంచో కలిసే ఉన్నాయి. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

వెనక్కి దారి లేని లెక్కలు

"ఒక సంఖ్య అనుకో, రెట్టింపు చేయి, 10 కలుపు, సగం చేయి, మొదట అనుకున్న సంఖ్య తీసేయి. నీ దగ్గర 5 ఉంది!" ఈ ఆటలో చివరి 5 నుంచి వెనక్కి వెళ్ళలేరు. అనుకున్న సంఖ్య మధ్యలో మళ్ళీ వచ్చి తనను తానే కొట్టేసుకుంది. ఏ సంఖ్య అనుకున్నా 5 వస్తుంది కాబట్టి 5ను చూసి ఏమీ చెప్పలేం. తెలియని సంఖ్య గొలుసులో రెండోసారి కనిపిస్తే x పెట్టుకోవడమే దారి.

"7తో భాగిస్తే శేషం 3" లాంటివీ అంతే. 3, 10, 17, 24... అన్నీ సరిపోతాయి. శేషాల లెక్కలకు ఆర్యభటుడు కుట్టకం అనే వేరే పద్ధతే ఇచ్చాడు. వర్గం విప్పేటప్పుడు ధన, రుణ మూలాలు రెండూ ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. ఎదుటివాళ్ళు సహజ సంఖ్య అనుకున్నారో లేదో అడిగి తెలుసుకోండి.

మరో రకంలో దారులు చీలినా వెనక్కి రావడమే సులువు. 1తో మొదలుపెట్టి, "రెట్టింపు చేయి", "1 కలుపు" అనే రెండు పనులతోనే 67కు తక్కువ మెట్లలో చేరాలి. ముందుకు వెళ్తే ప్రతి మెట్టులోనూ ఏది చేయాలో తేల్చుకోలేం. వెనక్కి వస్తే 67 బేసి, దాన్ని రెట్టించి తెచ్చే అవకాశమే లేదు, కాబట్టి ముందు 66. అక్కడి నుంచి 33, 32, 16, 8, 4, 2, 1. ఎనిమిది మెట్లు.

మీరే లెక్క తయారు చేయాలంటే

పిల్లలతో ఆడేటప్పుడు జవాబు ముందు అనుకుని, గొలుసును ముందుకు అల్లండి. భాగహారం వచ్చే చోట మీ దగ్గరున్న సంఖ్య నిశ్శేషంగా పోయేలా, వర్గమూలం వచ్చే చోట పూర్ణవర్గం అయ్యేలా, దానికి ముందు మెట్టులో ఎంత కలపాలో, ఎంత తీయాలో సరిచేసుకోండి. భాస్కరుడి లెక్కలో 52 తీయడం అందుకే: 196లోంచి 52 పోతే 144 అయి మూలం చక్కగా 12 వస్తుంది. మొదటిసారి ఆడే పిల్లలకు మూడు మెట్లు చాలు, భిన్నాలు వద్దు.

సాధనకు నాలుగు:

ఒక సహజ సంఖ్యకు 4 కలిపి, వర్గం కట్టి, 19 తీసి, 9తో భాగిస్తే 5 వచ్చింది. సంఖ్య ఎంత?

బుట్టలోని నిమ్మకాయల్లో సగం, ఇంకో రెండు పక్కింటివాళ్ళకు ఇచ్చారు. మిగిలినవాటిలో మూడో వంతు, ఇంకో రెండు ఎదురింటికి ఇచ్చారు. 8 మిగిలాయి. మొదట ఎన్ని?

పూల లెక్కలో మూడు గుళ్ళకు బదులు నాలుగు ఉంటే తక్కువలో తక్కువ ఎన్ని పూలు కావాలి? గుడికి ఎన్ని?

నాలుగక్షరాల ప్రస్తారంలో 11వ వరస ఏమిటి?

జవాబులు వరసగా: 4; 34; 15 పూలు, గుడికి 16; గురువు లఘువు గురువు లఘువు.